సర్వర్ ఊరు మారింది, అడ్రస్ మారలేదు

ఈ రోజు ఎపిసోడ్ కూడా హిస్టరీయే, కాకపోతే రాజులూ కోటలూ ఉండవు. ఒక సర్వర్‌ని ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం మార్చాక, దాని నెట్‌వర్క్ సెట్టింగ్స్ సరిచేయడానికి నాకు రాత్రి పదిన్నర నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా పట్టింది. అంతసేపు ఎందుకు పట్టిందా అని తర్వాత తవ్వుకుంటూ పోతే 1970ల దాకా వెళ్ళాల్సొచ్చింది. ఆ కథ చెప్తాను.

2023 వానాకాలం అండి. అప్పటికి నేనింకా ఉద్యోగం మానలేదు, హైదరాబాద్ నుంచి వారం సెలవు మీద ఇంటికి వచ్చాను. మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారికి కైకలూరు దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డు ఉంది. చెరువులో పట్టిన చేపని ఐస్ వేసి సర్ది లారీ ఎక్కిస్తారు, లారీ బెంగాల్‌కో అస్సాంకో పోతుంది. బిల్లులు, రైతులకి ఇవ్వాల్సిన బాకీలు, ఐస్ ఫ్యాక్టరీ లెక్కలు అన్నీ ఏలూరు ఆఫీసులో ఒక పాత సర్వర్‌లో ఉండేవి. ఆ బిల్డింగ్ ఖాళీ చేయాల్సొచ్చి ఆఫీసుని తాడేపల్లిగూడెం మార్చారు. పాత డబ్బా మోయడం ఎందుకని, నేను డిస్క్ మొత్తం కాపీ తీసి కొత్త మెషీన్‌లో వర్చువల్ మెషీన్‌గా పెట్టాను. కాపీ బ్రహ్మాండంగా వచ్చింది. ఆన్ అయింది, లాగిన్ కూడా అయింది. నెట్‌వర్క్ మాత్రం లేదు.

తెల్లారి ఐదింటికి లారీ. బిల్లు లేకుండా లారీ కదలదు. పట్టేసిన చేపని మళ్ళీ నీళ్ళలో వదల్లేం కదా. ఫోన్‌లో బాబాయ్ గారు ఏమీ అనలేదు, "ఐస్ ఇంకో రెండు బండ్లు తెప్పించమంటావా బాబూ?" అని మాత్రం అడిగారు. తిట్టినా అంత కంగారు పడేవాణ్ణి కాదేమో.

మొదటి చిక్కు కార్డు పేరు దగ్గర. ఆ సర్వర్‌లో ఉన్నది సెంట్ఓఎస్ 6. సెట్టింగ్స్ అన్నీ ఈటీహెచ్0 అనే పేరు మీద ఉన్నాయి, తీరా చూస్తే మెషీన్‌లో కనిపిస్తున్నది ఈటీహెచ్1. ఈటీహెచ్0 ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదండి, ఏలూరులో అటక మీద ఉంది.

ఎందుకో చెప్తాను. ఈథర్‌నెట్ 1973లో జిరాక్స్ వాళ్ళ పాలో ఆల్టో ల్యాబ్‌లో పుట్టింది. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ మూడు కంపెనీలూ కలిసి స్పెసిఫికేషన్ విడుదల చేసినప్పుడు, ప్రతి కార్డుకీ 48 బిట్ల నంబర్ ఉండాలని పెట్టారు. మనం మ్యాక్ అడ్రస్ అంటామే, అదే. పుట్టుమచ్చ లాంటిది అనుకోండి, కార్డు ఏ ఊరెళ్ళినా మారదు. లినక్స్‌లో మాత్రం చాలాకాలం కార్డుల పేర్లు అవి కనిపించిన వరసలో పెట్టేవారు. రెండు కార్డులుంటే రీబూట్ చేసినప్పుడు పేర్లు తారుమారయ్యే ప్రమాదం ఉండేది. దానికి విరుగుడుగా, ఫలానా మ్యాక్ ఉన్న కార్డుకి ఫలానా పేరు అని ఒక ఫైల్‌లో రాసిపెట్టుకోవడం మొదలైంది. నా కాపీలో ఆ ఫైల్ కూడా వచ్చేసింది. ఈటీహెచ్0 పేరు పాత కార్డుకి రిజర్వ్ అయిపోయింది కాబట్టి, కొత్త వర్చువల్ కార్డుకి తర్వాతి నంబర్ దక్కింది. ఆ ఫైల్‌లో పాత లైన్ తీసేసి, కార్డు సెట్టింగ్స్‌లో పాత మ్యాక్ మార్చి రీబూట్ చేస్తే ఈటీహెచ్0 లేచి కూర్చుంది. 2013 నుంచి సిస్టమ్‌డీలో కార్డు ఏ స్లాట్‌లో ఉందో దాన్నిబట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. అక్కడ కూడా మెషీన్ మార్చి స్లాట్ మారితే పేరు మారుతుంది. అంటే గొడవ పోలేదు, వేషం మార్చింది.

ఇక రెండోది. ఏలూరులో నెట్‌వర్క్ 192.168.1 తో మొదలయ్యేది, గూడెంలో కొత్త రౌటర్ 192.168.10 ఇస్తోంది. నేను సర్వర్ ఐపీ మార్చాను. రూమ్‌లో ప్రింటర్‌కి పింగ్ వెళ్ళింది, పక్క ల్యాప్‌టాప్‌కి వెళ్ళింది. వీపీఎన్ మీదుగా కైకలూరు షెడ్డుకి మాత్రం ససేమిరా.

మన వైపు వాళ్ళకి దీన్ని అర్థం చేసుకోవడం తేలికండి. కొల్లేరులోకి నీళ్ళు తమ్మిలేరు నుంచి వస్తాయి, బుడమేరు నుంచి వస్తాయి, ఇంకా బోలెడు డ్రెయిన్ల నుంచి వస్తాయి. సముద్రానికి పోవాలంటే మాత్రం దారి ఒక్కటే, ఉప్పుటేరు. సర్వర్‌కి ఆ ఉప్పుటేరే డిఫాల్ట్ గేట్‌వే. తన నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళతో నేరుగా మాట్లాడుతుంది, బయటికి పోయేదంతా గేట్‌వే చేతిలో పెడుతుంది. నేను ఐపీ మార్చి గేట్‌వే లైన్ పాతదే వదిలేశాను. గూడెంలో కూర్చుని ఏలూరు రౌటర్‌ని వెతుకుతోంది పాపం. ఇది నా తప్పేనండి, హిస్టరీ మీదకి నెట్టను. రెండు గంటలు పోయింది దీని మీదే.

మూడోది అసలైనది. సర్వర్ బాగానే ఉంది, కైకలూరు నుంచి పింగ్ వస్తోంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోదు. ఎందుకంటే షెడ్డులో ఉన్న రెండు కంప్యూటర్లలోనూ సర్వర్ పాత ఐపీ అంకెలతో సహా రాసేసి ఉంది. సర్వర్ తన అడ్రస్ మార్చుకుంది కానీ తనని వెతికేవాళ్ళకి చెప్పలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం. ఆర్పానెట్ రోజుల్లో ఏ కంప్యూటర్ పేరుకి ఏ అడ్రసో రాసిన ఫైల్ ఒకటే ఉండేది, హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ. కాలిఫోర్నియాలో ఎస్ఆర్ఐ అనే సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన బృందం దాన్ని చూసుకునేది. కొత్త మెషీన్ పెడితే వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు ఫైల్‌లో ఎక్కిస్తారు, మిగతావాళ్ళంతా ఆ ఫైల్ దించుకోవాలి. మెషీన్లు పెరిగేకొద్దీ ఇది మోయలేని పనైంది. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్ తయారుచేశాడు. 1983 జనవరి 1నే ఆర్పానెట్ మొత్తం పాత ప్రోటోకాల్ వదిలేసి టీసీపీ ఐపీకి మారింది. అంటే ఆ ఏడాది మొదటి రోజు అందరికీ మైగ్రేషనే. ఆ మార్పు తట్టుకుని బతికి బయటపడ్డాం అని రాసిన బ్యాడ్జీలు కూడా చేయించుకున్నారు వాళ్ళు. నాకూ ఒకటి కావాలనిపించింది ఆ రాత్రి.

పేరు ఉంటే అడ్రస్ మారినా ఫర్వాలేదు కదా, మరి చిక్కెక్కడ? ఐపీ అడ్రస్‌కి రెండు పనులు అప్పజెప్పారు, అక్కడ. పేరు అంటే ఎవరు, అడ్రస్ అంటే ఎక్కడ, రూట్ అంటే ఎలా వెళ్ళాలి, ఈ మూడూ వేరువేరని జాన్ షాక్ అనే ఆయన 1978లోనే రాసిపెట్టాడు. అయినా 1981 సెప్టెంబర్‌లో ఖరారైన ఐపీ వెర్షన్ 4లో ఒకే అంకె, నువ్వెక్కడున్నావో చెప్తుంది, నువ్వెవరో కూడా అదే చెప్తుంది. టీసీపీ కనెక్షన్ తన రెండు కొసల్నీ గుర్తుపట్టేది ఐపీ, పోర్ట్ నంబర్లతోనే. నన్నడిగితే అప్పట్లో అది పెద్ద తప్పేమీ కాదు. రూమంత కంప్యూటర్లు, వాటిని ఎవడు మోసుకెళ్తాడు? కానీ 1996 వచ్చేసరికి నంబర్లు మార్చుకోవడం ఎంత నరకమో, సాఫ్ట్‌వేర్లలో అంకెలు నేరుగా రాయొద్దని చెప్పడానికి కార్పెంటర్, రెఖ్టర్ అనే ఇద్దరు ఏకంగా ఒక ఆర్ఎఫ్‌సీ రాశారు. నంబర్ 1900. అదే ఫిబ్రవరిలో వచ్చిన 1918వ ఆర్ఎఫ్‌సీ వల్లే మన ఇళ్ళలో ఈ 192.168లు ఉన్నాయి. రెండూ చదివి ఉంటే ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసినవాడు అంకెలు కొట్టేవాడు కాదు. నేనూ నా ఉద్యోగంలో అలాగే కొట్టాననుకోండి, అది వేరే సంగతి.

ఈ ఎవరు, ఎక్కడ గొడవ మన జిల్లాలో ఇంకా బాగా కనిపిస్తుంది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డప్పటి నుంచి దానికి ఏలూరు ముఖ్యపట్టణం. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏలూరు వేరే జిల్లా అయింది, పశ్చిమ గోదావరి కేంద్రం భీమవరం వెళ్ళింది, తాడేపల్లిగూడెం అందులోనే ఉండిపోయింది, కృష్ణా జిల్లాలోని కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఊళ్ళు అంగుళం కదల్లేదు, అడ్రస్‌లు మారాయి. నా సర్వర్‌ది సరిగ్గా తిరగేసిన కేసు.

కానీ పిన్‌కోడ్ చూడండి. 1972 ఆగస్టు 15న శ్రీరామ్ భికాజీ వేలణకర్ ఆలోచనతో మొదలైంది. ఆయన సంస్కృత కవి కూడా, ఆశ్చర్యం. మొదటి మూడంకెలు ఉత్తరం ఏ సార్టింగ్ జిల్లాకి పోవాలో చెప్తాయి, తర్వాతి మూడూ పోస్టాఫీసుని. ఏలూరు 534001, తాడేపల్లిగూడెం 534101. ఇప్పుడు వేరే జిల్లాలు, అయినా ఒకే 534. కైకలూరు 521333. బందరు 521001, ఆ వరసలోది. ఏలూరు జిల్లాలో కలిసినా 521 పోలేదు. నెట్‌వర్క్ భాగం ఒకటి, హోస్ట్ భాగం ఒకటి. ఐపీ అడ్రస్‌లో సబ్‌నెట్ మాస్క్ చేసే పని ఇదే, ఎన్ని అంకెల దాకా దారి చూసుకోవాలో చెప్పడం. ఉత్తరం దారి పట్టేది పిన్‌తోనే కాబట్టి జిల్లా పేరు పాతదున్నా వచ్చి చేరుతుంది.

సరే, షెడ్డుకి వద్దాం. అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు పదో తరగతి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, రెండు కంప్యూటర్లలోనూ హోస్ట్స్ ఫైల్ తెరిపించి, సర్వర్‌కి ఒక పేరూ కొత్త ఐపీ ఒక లైన్‌లో టైప్ చేయించాను. అవునండి, ఫైన్లర్ గారి బృందం చూసుకున్న ఫైల్‌కి మనవడే అది, ఇంకా ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది. తర్వాత సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌లో అంకెలు తీసేసి ఆ పేరు పెట్టించాను. రెండుసార్లు చుక్క బదులు కామా కొట్టాడు. మూడోసారి, "అన్నా, వచ్చేసింది" అన్నాడు. టైమ్ మూడు యాభై.

మొదటి బిల్లు ఫోటో తీసి పంపించాడు. పైన కంపెనీ పేరు కింద కైకలూరు, కృష్ణా జిల్లా, 521333 అని ఉంది. జిల్లాలు మారి ఏడాది దాటిపోయింది. "బాబాయ్ గారూ, పనిలో పని ఇది కూడా ఏలూరు జిల్లా అని మార్చేయమంటారా?" అని అడిగాను.

"ఇప్పుడు ఏదీ ముట్టుకోకు బాబూ. లారీ వెళ్ళాక చూద్దాం" అన్నారు.