ఏప్రిల్ 13కు నాలుగు రోజుల ముందు: అమృత్‌సర్‌లో ఒక శ్రీరామనవమి

1919 ఏప్రిల్ 10: కిచ్లూ, సత్యపాల్‌ల అరెస్టు. ఏప్రిల్ 13: జలియన్‌వాలాబాగ్. ఈ రెండు తేదీలు మీ నోట్స్‌లో ఉండే ఉంటాయి. వాటి పైన కాస్త ఖాళీ ఉంటే ఏప్రిల్ 9 అని కూడా రాసుకోండి. ఆ రోజు శ్రీరామనవమి.

ప్రిలిమ్స్‌లో దీని మీద ప్రశ్న వస్తుందని చెప్పలేను. కానీ ఎస్సే పేపర్లో మత సామరస్యమో, లౌకికవాదమో టాపిక్‌గా వస్తే మనలో చాలామంది రాసేది ఒకటే: రంజాన్‌కి పక్కింటివాళ్లు సేమ్యా పంపారు, క్రిస్మస్‌కి కేకు తిన్నాం, దీపావళికి అందరం కలిసి టపాసులు కాల్చాం. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే ఎవరూ ఏదీ వదులుకోలేదు, అందుకే ఆ వాక్యాలకు బరువు ఉండదు. పండుగ రోజు ఎదుటివాళ్లను అంగీకరించడం అంటే ఏమిటో చరిత్రలో చూడాలనుకుంటే, ఆ రోజు ఎవరు తమ అలవాటును పక్కన పెట్టారో వెతకండి. అమృత్‌సర్‌లో ఆ అలవాటు నీళ్ల గ్లాసు దగ్గర ఉంది.

దాని విలువ తెలియాలంటే అప్పటి రైల్వే స్టేషన్లు గుర్తు చేసుకోవాలి. వలస పాలనలో ఉత్తర భారత ప్లాట్‌ఫారాల మీద ‘హిందూ పానీ’, ‘ముసల్మాన్ పానీ’ అని కేకలు వేస్తూ వేర్వేరు మనుషులు నీళ్లు పోసేవాళ్లు. రెండు మతాలవాళ్లూ పక్కపక్కనే దుకాణాలు పెట్టుకునేవాళ్లు, అప్పులిచ్చుకునేవాళ్లు, ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లేవాళ్లు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గీత ఉండేది. హిందువుల్లో కులాల మధ్య ఆ గీత ఇంకా గట్టిది. 1927లో మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగడమే ఒక సత్యాగ్రహం అయిందంటే ఎంత గట్టిదో మీరే ఊహించుకోండి. అంటే ‘కలిసి నీళ్లు తాగారు’ అనే మాట మనకు ఇవాళ వినిపించినంత తేలికైనది కాదు.

ఇప్పుడు అమృత్‌సర్‌కి వద్దాం. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం ఇచ్చిన రౌలట్ చట్టం 1919 మార్చిలో వచ్చింది. గాంధీజీ పిలుపు మేరకు మార్చి 30న ఒకసారి, ఏప్రిల్ 6న మరోసారి ఈ నగరంలో హర్తాళ్లు జరిగాయి. రెండూ ప్రశాంతంగానే ముగిశాయి. వాటిని నడిపించినవాళ్లలో ముఖ్యులు ఇద్దరు. సైఫుద్దీన్ కిచ్లూ కాశ్మీరీ మూలాలున్న ముస్లిం కుటుంబంలో పుట్టిన బారిస్టరు. సత్యపాల్ హిందువు, డాక్టరు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసినవాడు. ఇద్దరూ సభల్లో మాట్లాడకూడదని ప్రభుత్వం అప్పటికే నిషేధం పెట్టింది. అటు దిల్లీలో ఏప్రిల్ 4న ఆర్యసమాజ సన్యాసి స్వామి శ్రద్ధానంద జామా మసీదులో నిలబడి ప్రసంగించారు. గాలి ఎటు వీస్తోందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఏప్రిల్ 9న నవమి ఊరేగింపు బయలుదేరింది. ఏటా జరిగేదే, హిందువుల పండుగే. ఈసారి ముస్లింలు పెద్ద సంఖ్యలో కలిసి నడిచారు. ఊరేగింపు ముందు గుర్రం మీద ఉన్నది డాక్టర్ హఫీజ్ మహమ్మద్ బషీర్. శ్రీరాముడి ఊరేగింపులో గాంధీజీకి, కిచ్లూకి, సత్యపాల్‌కి, హిందూ ముస్లిం ఐక్యతకు జేజేలు కొట్టారు. హిందువులూ ముస్లింలూ నడివీధిలో, అందరూ చూస్తుండగా, ఒకే గ్లాసుతో నీళ్లు తాగారు. ఆ తర్వాత పంజాబ్ ఘటనలపై విచారణ జరిపిన హంటర్ కమిటీ నివేదికలోకి కూడా ఈ నీళ్ల సంగతి ఎక్కింది. నీళ్లు తాగడాన్ని ఒక ప్రభుత్వ కమిటీ నమోదు చేసుకోవాల్సి వచ్చిందంటే, పాలకులకు అది ఎంత వింతగా కనిపించిందో చూడండి.

డిప్యూటీ కమిషనర్ మైల్స్ ఇర్వింగ్ అలహాబాద్ బ్యాంకు వరండాలో నిలబడి ఇదంతా చూశాడు. ఊరేగింపు ఆయన ముందుకు వచ్చినప్పుడు బ్యాండు మేళం బ్రిటిష్ జాతీయ గీతమే వాయించింది. రాయి పడలేదు, కర్ర లేవలేదు. కానీ ఇర్వింగ్ అంతకుముందు రోజే అదనపు బలగాలు కావాలని లాహోర్‌కి రాసి ఉన్నాడు. కొట్లాడుకునే రెండు వర్గాల మధ్య సర్దిచెప్పడం ఆ ప్రభుత్వానికి అలవాటైన పని. కొట్లాడుకోని రెండు వర్గాలను ఏం చేయాలో దానికి పాలుపోలేదు. ఆ సాయంత్రమే లెఫ్టినెంట్ గవర్నర్ ఓడ్వయర్ ఉత్తర్వు చేరింది: కిచ్లూ, సత్యపాల్ ఇద్దరినీ ధర్మశాలకు తరలించాలి. పదో తారీఖు ఉదయం వాళ్లను డిప్యూటీ కమిషనర్ బంగళాకు పిలిపించి అక్కణ్నుంచే కారెక్కించారు. వాళ్లను విడిచిపెట్టమని అడగడానికి బయలుదేరిన జనాన్ని రైలు వంతెన దగ్గర ఆపారు, కాల్పులు జరిగాయి. ఆ తర్వాత నగరంలో దహనాలు, ఐదుగురు యూరోపియన్ల హత్య, డయ్యర్ రాక. ఆపైన ఏం జరిగిందో మీకు తెలుసు. వైశాఖీ నాడు బాగ్‌లో చనిపోయినవారు అధికారిక లెక్క ప్రకారం 379 మంది. వాళ్లలో హిందువులు, సిక్కులు, ముస్లింలు ముగ్గురూ ఉన్నారు.

మన పుస్తకాల్లో ఈ క్రమం పదో తారీఖు అరెస్టుతో మొదలవుతుంది. తొమ్మిదో తారీఖును కలిపి చదివితే అరెస్టుకు ముందు ప్రభుత్వం ఏం చూసిందో కూడా తెలుస్తుంది.

ఇక్కడ మీలో ఒకరికి సందేహం రావాలి: ఇది పండుగా, రాజకీయమా? రౌలట్ చట్టం మీద కోపం లేకపోతే ఆ గ్లాసు చేతులు మారేదా? బహుశా మారేది కాదు. కానీ రాజకీయం ఉంది కాబట్టి అంగీకారం నకిలీది అనేయడం నాకు సరైనదిగా అనిపించదు. గీత చెరిపేయడానికి ఏదో ఒక కారణం కావాలి. అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఆ గ్లాసును మర్నాడూ, మరుసటి ఏడూ అందించే ఏర్పాటు నిలబడలేదు. 1922లో సహాయ నిరాకరణ ఆగిపోయాక పంజాబ్‌లో రెండు వర్గాల మధ్య ఘర్షణలు పెరిగాయి. 1947లో అదే అమృత్‌సర్ వీధులు ఎలా తగలబడ్డాయో చెప్పనక్కర్లేదు.

పండుగ వైపు పాలకులు కళ్లప్పగించి చూడటం ఇదే మొదటిసారి కాదు. 62 ఏళ్లు వెనక్కి, ముట్టడిలో ఉన్న దిల్లీకి వెళ్దాం. 1857 ఆగస్టు 1న బక్రీద్ వచ్చింది. నగరంలో ఉన్న తిరుగుబాటు సిపాయిల్లో ఎక్కువమంది హిందువులు. వాళ్లతోపాటు జిహాద్ అంటూ వచ్చిన ముస్లిం దళాలూ ఉన్నాయి. బయట గుట్ట మీద మకాం వేసిన బ్రిటిష్ సేన ఆశ ఒక్కటే: పండుగ నాడు ఆవును కోస్తారు, లోపల వాళ్లలో వాళ్లే నరుక్కుంటారు. ఎనభై దాటిన బహదూర్ షా జఫర్ ముందే గోవధను నిషేధించాడు, తప్పితే మరణశిక్ష అని చాటింపు వేయించాడు. ఆవులున్న ముస్లింల ఇళ్ల లెక్క తీయమని పోలీసు యంత్రాంగానికి పని అప్పగించాడు. పండుగ సాఫీగా గడిచింది. నగరంలో పెద్ద గొడవ జరుగుతుందనుకున్న తమ ఆశ తీరలేదని గుట్ట మీది సైనికాధికారి కీత్ యంగ్ తన భార్యకు ఉత్తరంలో రాసుకున్నాడు.

దీన్ని సామరస్యానికి ఉదాహరణగా రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. ఇది పైనుంచి వచ్చిన హుకుం, వెనక మరణశిక్ష భయం ఉంది. అమృత్‌సర్‌లో గ్లాసు అందించమని ఎవరూ హుకుం ఇవ్వలేదు. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. అయితే రాజు చేసిందీ చిన్న పని కాదు. తన మతం వాళ్ల పండుగ రోజున, తన మతం వాళ్లనే తగ్గమన్నాడు. అధికారంలో ఉన్నవాడు ఎదుటివాళ్లను తగ్గమనడం ఎప్పుడూ తేలికే.

వెనక్కి తగ్గడం వేరే రకంగా కూడా జరుగుతుంది. పుణెలో 1893 వరకు మొహర్రం తాబూతులను తయారు చేసినవాళ్లలో, మోసినవాళ్లలో హిందువులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. మన పల్లెల్లో పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ ఎవరెవరు ఆడతారో చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. ఆ ఏడు మొహర్రం సమయంలో కాఠియావాడ్‌లోని ప్రభాస్ పట్టణంలో, ఆగస్టు 11న బొంబాయిలో మత కల్లోలాలు జరిగాయి. మరుసటి ఏడాది మొహర్రంకి దూరంగా ఉండాలని పుణె హిందువులకు పిలుపు వెళ్లింది. సార్వజనిక గణేశ ఉత్సవం అదే సమయంలో ఊపందుకుంది. తాబూతుల ఊరేగింపులో కనిపించిన పాటల మేళాలు, వీధి ఊరేగింపు, చివర నీళ్లలో కలపడం, ఇవన్నీ ఇక్కడా కనిపించాయి. ఈ ఉత్సవం కులాల మధ్య దూరం తగ్గించిందని, జనాన్ని జాతీయోద్యమంలోకి తెచ్చిందని మనం రాస్తాం, అది నిజం. ఒక పండుగలోంచి ఒక వర్గం బయటికి నడిచిందన్నదీ నిజమే. మెయిన్స్ జవాబులో రెండూ ఉండాలి. అదే తిలక్ 1916లో లక్నో ఒప్పందానికి అండగా నిలిచాడని కూడా కలిపితే మనిషి పూర్తిగా కనిపిస్తాడు.

ఈ తేదీల దగ్గర ఇంకొకటి గమనించండి. బొంబాయి కల్లోలం ఆగస్టు 11. వివేకానందుడు చికాగోలో మాట్లాడింది సెప్టెంబరు 11. సరిగ్గా నెల. సహనం దగ్గర ఆగిపోకుండా అన్ని మతాలనూ సత్యాలుగా అంగీకరిస్తామని ఆయన అక్కడ చెప్పాడు. ఎస్సేల్లో మనం ఆ సహనం, అంగీకారం అనే రెండు మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. పక్కవాడి ఊరేగింపు మన వీధిలోంచి వెళ్తుంటే కిటికీ మూసుకుని ఊరుకోవడం సహనం. వాడి చేతి నీళ్లు తాగడం దానికి చాలా అవతల ఉంది.

మరి ఏటేటా నిలిచే ఏర్పాటు ఎక్కడైనా ఉందా? దిల్లీ శివార్లలోని మెహ్రౌలీలో జరిగే ‘ఫూల్ వాలోం కీ సైర్’ చూడండి. రెండో అక్బర్ షా కొడుకు మీర్జా జహంగీర్‌ను బ్రిటిష్ రెసిడెంటుతో గొడవ కారణంగా అలహాబాద్‌కు పంపేశారు. కొడుకు తిరిగొస్తే కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గాలో పూల చాదర్ కప్పుతానని తల్లి మొక్కుకుంది. మొక్కు తీర్చినప్పుడు దగ్గరలోని యోగమాయ గుడికీ పూలు వెళ్లాయి. అప్పటినుంచి దర్గాకు చాదర్, గుడికి పూల పంఖా, రెండూ ఉంటేనే పండుగ. పూలు కట్టేవాళ్లకు, అమ్మేవాళ్లకు అది ఏడాదికోసారి వచ్చే బేరం కూడా, నా ఉద్దేశంలో అది నిలవడానికి భక్తితోపాటు అదీ ఒక కారణం. క్విట్ ఇండియా నాటి 1942లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని ఆపించింది. 1960ల మొదట్లో నెహ్రూ చొరవతో మళ్లీ మొదలైంది.

అమృత్‌సర్ కథకు తోక రెండు చోట్ల కనిపిస్తుంది. 1940 మార్చి 13న లండన్‌లోని కాక్స్‌టన్ హాల్‌లో ఓడ్వయర్‌ను కాల్చిన ఉధమ్ సింగ్, పోలీసులకు తన పేరు మొహమ్మద్ సింగ్ ఆజాద్ అని చెప్పాడు. రెండోది మళ్లీ గ్లాసు దగ్గరికే వస్తుంది. యుద్ధం ముగిశాక దిల్లీలో బందీలుగా ఉన్న ఆజాద్ హింద్ ఫౌజు సైనికులను చూడటానికి గాంధీజీ వెళ్లారు. ఫౌజులో ఉన్నన్నాళ్లూ కలిసే తిన్నామని, ఇక్కడ మాత్రం తమకు హిందూ టీ, ముస్లిం టీ అని విడివిడిగా తెచ్చి ఇస్తున్నారని వాళ్లు ఆయనకు చెప్పారు. మరి మీరేం చేస్తున్నారని ఆయన అడిగారు. రెండూ కలిపేసి తాగుతున్నామని చెప్పారు.