పోదనము - బోధను: ఒక సరిహద్దు పురము

సంగారెడ్డి మండలమును దాఁటిన మంజీర నిజాంసాగర జలాశయమును నింపి, బోధను సీమకుఁ బడమటి యెల్లయై ప్రవహించి, కందకుర్తికడ గోదావరిం గలియుచున్నది. ఆవలి యొడ్డు మహారాష్ట్రము. నేఁడు రాష్ట్రపుటంచున నున్న యీ చిన్ని పురము ఒకప్పుడొక జనపదమునకు నడిబొడ్డని చూపుటయే యీ వ్యాసోద్దేశము.

పాణిని చతుర్థాధ్యాయ ప్రథమపాదమున అశ్మకశబ్దమునకు ఇఞ్ ప్రత్యయమును విధించెను. దానివలన ‘ఆశ్మకి’ యను రూపము సిద్ధించుచున్నది. కావున అశ్మకజనపదము ఆ మహావైయాకరణునికిఁ దెలిసినదే. అశ్మకుఁడను రాజర్షి పౌదన్యపురమును నిర్మించెనని భారతాదిపర్వము చెప్పుచున్నది. పాలిగ్రంథములు అశ్మకుల రాజధానిని పోతనమనుచున్నవి. వేములవాడ చాళుక్యుఁడగు యుద్ధమల్లుఁడు పోదనమున నూనెబావులలో ఏనుఁగులకు స్నానము చేయించెనని 966 నాఁటి పరభణి తామ్రశాసనమువలనఁ దెలియుచున్నది.

ఈ పోదనమే బోధనని పెక్కురు చరిత్రకారుల మతము. ‘బోధన’ శబ్దసామ్యమునుబట్టి జ్ఞానబోధార్థమును గల్పించుట తగదు. పూర్వరూపములందు మహాప్రాణము లేదు. ఆది పకారము సరళమగుటయు, దకారము ధకారమగుటయు తరువాతి మార్పులు. నామసామ్య మొక్కటియే నిశ్చయమునకుఁ జాలదు గాని, గోదావరీసామీప్యమును, వేములవాడ చాళుక్యుల సంబంధమును దానికిఁ దోడగుచున్నవి. ఇది బకాసురుఁడు హతుఁడైన ఏకచక్రపురమను స్థలపురాణము ప్రజల భక్తికి సాక్ష్యమే కాని చరిత్రకుఁ బ్రమాణము గాదు.

రాష్ట్రకూటుల, కల్యాణి చాళుక్యుల యేలుబడులు గడచిన పిదప ఇచటి ప్రాచీనాలయ మొకటి మసీదుగా మార్పఁబడెను. జనులు దానిని ‘దేవల్ మసీదు’ అనుచున్నారు. ఆ సమాసమున పూర్వపదము పూర్వస్థితిని, ఉత్తరపదము తరువాతి స్థితిని దెలుపుచున్నవి.

1931లో ముగిసిన నిజాంసాగర నిర్మాణముచే మెట్టనేలలు చెఱకుతోఁటలయ్యెను. దాని ఫలముగా 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమై, దాని చుట్టు శక్కర్‌నగర్ వెలసెను. ఆ కర్మాగారము 2015లో మూఁతవడుటతో కర్మకరుల జీవనము చెడినది. 1956లో హైదరాబాదు రాష్ట్రము భాషలనుబట్టి విభక్తము కాఁగా నాందేడు మరాఠీ సీమకును, బోధను తెలుఁగు సీమకును జెందెను. అయినను ఈ పురమున తెలుఁగు, ఉరుదూ, మరాఠీలు మూఁడును నేఁటికిని వినవచ్చుచున్నవి.

బోధను చరిత్రసామగ్రి సంస్కృత, పాలి, కన్నడ, పారసీకములందుఁ జెదరియున్నది. కావున ఇట్టి పురముల చరిత్రము వ్రాయఁబూనువారు ఒక్క భాషలోని యాధారములతోఁ దృప్తిపడక, నది కావలి యొడ్డునను వెదకవలయును.