మరిగే నీటి బండి నుండి బిగించిన మూత వరకు

గోదావరి పశ్చిమ డెల్టాలో కాలువలు పారని కాలం ఒకటి ఉన్నది. వేసవిలో మరమ్మతుల కోసం వాటిని కట్టివేస్తారు. అత్తిలి, తణుకు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో ఎండలు మండేదీ, మోటారు బండ్లు హీటెక్కేదీ సరిగా ఆ రోజులలోనే. రైలు గేటు దగ్గర కాసేపు ఆగిన కారులో ముల్లు ఎర్ర గీతను తాకుతుంది. బానెట్టు సందులలోనుండి ఆవిరి లేస్తుంది. బండి చల్లారిన తరువాత నీరు పోసుకొని ఇల్లు చేరిన యజమానికి ఆ రాత్రి నిద్ర పట్టదు. లోపల ఏదైనా పగిలిందేమో, ఇంజను ఆయుష్షు తగ్గిందేమో అని బెంగ. పాతకాలపు డ్రైవరు మాత్రం ఈ బెంగ చూసి నవ్వుతాడు. తన రోజులలో రేడియేటరు మరగడం మామూలేననీ, కాలువలో నీళ్లు ముంచి పోసుకొని సాగిపోయేవారమనీ అంటాడు. చిత్రమేమంటే ఇద్దరి మాటా నిజమే. అది ఎట్లాగో తెలియాలంటే ఇంజనును చల్లబరచే పద్ధతి మారుతూ వచ్చిన కథ తెలియాలి.

పెట్రోలు మండినపుడు సిలిండరులోని వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెంటీగ్రేడును దాటుతుంది. పోత ఇనుము 1200 డిగ్రీలకు చేరకముందే కరుగుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల వద్దనే కరుగుతుంది. అంటే ఇంజను తన నిప్పుకు తానే కరిగిపోవలసిన వస్తువు. ఇంధనం ఇచ్చే వేడిలో ఇంచుమించు మూడోవంతు మాత్రమే పనిగా మారుతుంది. ఇంకొక మూడోవంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినదానిలో అధిక భాగాన్ని బయటికి మోసుకొనిపోయే కూలి నీరు.

కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేసిన మూడు చక్రాల బండిలో నీరు మరగడం లోపం కాదు, అదే పద్ధతి. సిలిండరు చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరిగా పోతూ ఉండేది. ఇది తెలివితక్కువ ఏర్పాటని అనుకోరాదు. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు తేవడానికి 70 కేలరీలు చాలు. 100 డిగ్రీల వద్ద దానిని ఆవిరి చేయడానికి 540 కేలరీలు కావాలి. ఈ గుప్తోష్ణం వలన, నీరున్నంతవరకు దానిని తాకే లోహం మరుగుస్థానాన్ని అంతగా మించిపోదు. అయితే పోయిన నీటికి బదులు నీరు పోస్తూ ఉండాలి. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా తన ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ఆ రకం బండిలోనే వెళ్లింది. నీరు దొరికిన ప్రతి చోటా ఆగుతూనే వెళ్లింది.

నీటిని పారబోయకుండా గాలితో చల్లబరచి మళ్లీ వాడుకొనే ఉపాయం విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు రేడియేటరుతో పరిపక్వమయింది. 1900 చివరలో తయారైన మెర్సిడెస్ బండికి ఆయన 8,070 సన్నని గొట్టాలు పేర్చి అతికిన రేడియేటరును అమర్చాడు. దానితో 9 లీటర్ల నీరే సరిపోయింది.

1908లో వచ్చిన ఫోర్డ్ టి-మాడలు బండ్లలో మొదటి కొన్ని వేలు తప్పితే వేటికీ నీటి పంపు లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుంది, రేడియేటరులో చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. గాజు గొట్టంలో పొటాషియం పర్మాంగనేటు పలుకు వేసి ఉపాధ్యాయులు చూపించే సంవహనమే ఇది. ఆయిలు ఇంజన్లతో ధాన్యపు మిల్లులు నడిచిన రోజులలో ఇంజను పక్కన నిలిపే నీటి ట్యాంకు పనిచేసినది కూడా ఈ సూత్రం మీదనే.

అప్పటి డ్రైవరుకు బెంగ లేకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది: అతనికి ఉష్ణోగ్రత కనిపించేది కాదు. 1910ల దశకంలో రేడియేటరు మూత మీద బిగించే బాయిస్ మోటోమీటరు అనే ఉష్ణమాపకం అమ్మకానికి వచ్చింది. అద్దంలోనుండి చూస్తే అందులో ఎర్రని ద్రవం పైకి పాకడం కనిపించేది. అది నిజానికి నీటిని కాక, నీటి పైనున్న ఆవిరి వేడిని కొలిచేది. తరువాత ఆ కొలత డ్రైవరు ముందరి పలకలోకి మారింది. ముల్లుతో పాటు బెంగ కూడా అక్కడ స్థిరపడింది.

అసలు మార్పు మూతలో వచ్చింది. 1930ల చివర నుండి స్ప్రింగు బిగించిన ఒత్తిడి మూతలు వాడుకలోకి వచ్చాయి. వాతావరణ పీడనం మీద మరొక అంత పీడనం నిలిపితే నీరు 100 డిగ్రీల వద్ద కాక 120 డిగ్రీల వద్ద మరుగుతుంది. దీనివలన చిన్న రేడియేటరుతోనే ఎక్కువ వేడిని గాలికి వదలవచ్చు. కాని ఒక మెలిక పడింది. తెరిచి ఉన్న పాత రేడియేటరు మరిగితే అది పని చేస్తున్నదని అర్థం. మూతపెట్టినది మరిగిందంటే ఎక్కడో లోపమున్నదని అర్థం: పంకా తిరగలేదు, థర్మోస్టాటు బిగుసుకొన్నది, గొట్టం చిట్లింది, లేదా రేడియేటరు పూడింది. డెల్టాలో చివరిది అరుదు కాదు. కాలువ నీటిలో ఒండ్రు ఉంటుంది. చాలా చోట్ల బావి నీటిలో లవణాలు ఉంటాయి. ఏళ్ల తరబడి అవే పోస్తే సన్నని గొట్టాలలో పొర కడుతుంది.

రెండవ మార్పు లోహంలో వచ్చింది. 1950ల చివర నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారు పెట్రోలు ఇంజన్లలో పేరు పొందిన పాత రకానికి సిలిండరు దిమ్మ, దాని పైనుండే హెడ్డు రెండూ పోత ఇనుమే. వేడికి రెండూ ఒకే తీరున పెరుగుతాయి. నేటి కార్లలో హెడ్డు సాధారణంగా అల్యూమినియం. అది ఇనుముకు రెండింతలు వ్యాకోచిస్తుంది. 40 సెంటీమీటర్ల పొడవు మీద ఉష్ణోగ్రత అదనంగా 100 డిగ్రీలు పెరిగితే ఇనుము సుమారు 0.44 మిల్లీమీటరు, అల్యూమినియం 0.92 మిల్లీమీటరు సాగుతాయి. బోల్టులు బిగించి ఉన్నందున సాగే దారిలేక హెడ్డు వంగుతుంది. దిమ్మకూ హెడ్డుకూ నడుమ ఉన్న గాస్కెటు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వంపును కూడా కష్టం మీదనే సహిస్తుంది.

కనుక యజమాని వేసుకోవలసిన ప్రశ్న “ముల్లు ఎర్ర గీతను తాకిందా?” అని కాదు, “లోపల నీరు ఉన్నదా, ఆ తరువాత బండి ఎంతసేపు నడిచింది?” అని. నీరుండి, ఒకటి రెండు నిమిషాలలో ఇంజను ఆపితే సాధారణంగా ఏ హానీ జరగదు. లోపాన్ని వెదకి సరిచేస్తే చాలు. నీరు పోయిన తరువాత కిలోమీటరు నడిపినా ప్రమాదమే. అక్కడ ముల్లు కూడా మోసం చేస్తుంది. నీటిలో మునిగి ఉండవలసిన కొలత పరికరం ఆవిరిలో తేలితే ముల్లు కిందికి దిగవచ్చు. వేడి తగ్గిందని సంతోషించే క్షణమే అన్నిటికంటె చెడ్డ క్షణం కావచ్చు.

హాని జరిగి ఉంటే తరువాతి రోజులలో గుర్తులు కనిపిస్తాయి. బయట కారకపోయినా నీటి మట్టం తగ్గుతూ ఉంటుంది. రేడియేటరులో బుడగలు వస్తాయి. ఇంజనాయిలు పాలు కలిపిన కాఫీవలె మారుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా పొగగొట్టం నుండి తెల్లని ఆవిరి ఆగదు. ఇవేవీ లేకపోతే, నీటి మట్టం వారం రోజులు నిలిస్తే, బెంగ మానవచ్చు. అనుమానముంటే మెకానిక్కు హెడ్డు విప్పి, దాని మీద సరళమైన ఉక్కు పట్టీ పెట్టి, సందులో సన్నని రేకు దూరుతుందేమో చూస్తాడు.

ఆ సమయంలో జరిగే హాని కంటె ఆదుర్దాలో మనిషి చేసే హాని ఎక్కువ. ఎర్రగా కాగిన హెడ్డు మీదికి చన్నీరు పోతే ఒకవైపు హఠాత్తుగా కుంచించుకొని లోహం పగలవచ్చు. మూత తిప్పడం ఇంకా ప్రమాదకరం. 120 డిగ్రీల వద్ద ఒత్తిడిలో ఉన్న నీటికి ఒక్కసారి విడుదల దొరికితే, లీటరుకు సుమారు 37 గ్రాములు ఆవిరిగా మారుతుంది. అది దాదాపు అరవై లీటర్ల ఆవిరి. మూత తిప్పినవాని ముఖం అప్పుడు దానికి ఎదురుగా ఉంటుంది. బెర్తా బెంజ్ బండికి ఈ ప్రమాదం లేదు, దాని ఆవిరి ఎప్పటికప్పుడు పోతూనే ఉండేది. నేటి బండికి అరగంటైనా చల్లారనిచ్చి, మందపాటి గుడ్డతో పట్టుకొని, మొదటి మెట్టు వరకు మాత్రమే తిప్పి, బుసకొట్టడం ఆగిన తరువాత మూత తీస్తారు.