సిగ్గు ఎవరి సొత్తు? – ‘రాధికాసాంత్వనము’ వివాదం నుంచి స్త్రీవాద కవిత్వం దాకా

తెలుగులో స్త్రీవాద కవిత్వ చరిత్రను 1980ల నుంచి ప్రారంభించడం పరిపాటి. రేవతీదేవి ‘శిలాలోలిత’ (1981), సావిత్రి ‘బందిపోట్లు’ (1984) తొలి రచనలుగా పాఠ్యగ్రంథాలలో స్థిరపడ్డాయి. ఉద్యమదృష్టితో చూస్తే ఈ కాలనిర్ణయం సబబే. అయితే ఆ కవిత్వం నిలదీసిన ద్వంద్వనీతి, అంటే ఒకే పనికి పురుషునికొక కొలత, స్త్రీకొక కొలత పెట్టే పద్ధతి, అంతకు ఏడు దశాబ్దాల ముందే తెలుగు సాహిత్యరంగంలో బహిరంగ వివాదమైంది. ఆ ప్రశ్న వేసినది ఒక గాయని. వేసిన చోటు ఒక కావ్యపీఠిక.

ఆ కావ్యం ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’. ఆమె తంజావూరును పాలించిన ప్రతాపసింహుని (1739–1763) ఆస్థాన కవయిత్రి, గణిక. నాలుగు ఆశ్వాసాల ఈ శృంగారప్రబంధంలో రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణునికిచ్చి పెళ్లి చేస్తుంది. ఇద్దరికీ దాంపత్యపు మెలకువలు తానే చెబుతుంది. ఆ తర్వాత విరహంతోనూ అసూయతోనూ రగిలిపోతుంది. చివరికి కృష్ణుడే వచ్చి ఆమెను సాంత్వనపరచవలసి వస్తుంది. కోరిక, కోపం, అధికారం మూడూ రాధవే. అంతకన్నా ఆశ్చర్యకరమైనది అవతారిక. తన పాండిత్యాన్ని, తనకు కృతులు అంకితమైన గౌరవాన్ని ముద్దుపళని ఏ వినయమూ నటించకుండా చెప్పుకొంది. పురుషకవులకు ఆత్మస్తుతి కావ్యమర్యాద; ఒక స్త్రీ దానిని తనకూ వర్తింపజేసుకోవడం అరుదు.

కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్రకవుల చరిత్ర’లో ముద్దుపళని పాండిత్యాన్ని కాదనలేదు. కానీ ఆమె వేశ్య కనుకనే స్త్రీ సహజమైన సిగ్గు లేకుండా, ఆడవారు వినడానికే తగని సంగతులను తన నోట పలికిందని ఆక్షేపించారు. ఈ తీర్పు ఇచ్చినది ఎవరో గుర్తుంచుకోవాలి. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచిన వారు, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన వారు ఆయనే. స్త్రీని ఉద్ధరించడానికి సిద్ధపడిన సంస్కర్తకు ఆమె తన కోరికను తానే పలకడం మాత్రం మింగుడుపడలేదు. ఇది ఆయన వ్యక్తిగత లోపంగా కన్నా ఆనాటి సంస్కరణవాదపు హద్దుగా గ్రహించడం న్యాయం. మంచి ఇల్లాలిని తయారుచేయడమే స్త్రీవిద్య లక్ష్యమైనప్పుడు గణిక కవిత్వానికి ఆ ఇంట చోటు దొరకదు.

బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) రంగంలోకి వచ్చింది ఇక్కడే. 1887లో వెలువడిన పాత ముద్రణను ఆమె వ్రాతప్రతితో సరిచూసినప్పుడు అవతారికా భాగమూ కొన్ని పద్యాలూ లోపించినట్లు కనిపించింది. పరిష్కరించిన పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్లవారు అచ్చువేశారు. దాని పీఠికలో ఆమె పంతులుగారి మాటను పంతులుగారికే తిప్పికొట్టింది. సిగ్గూ మర్యాదా స్త్రీలకేనా, పురుషులకు అక్కరలేదా అన్నది ఆమె అడిగినదాని సారాంశం. పంతులుగారికి అభ్యంతరం లేని ‘వైజయంతీవిలాసము’లోని శృంగారానికి, ఈ కావ్యంలోని శృంగారానికి తేడా ఏమిటని కూడా అడిగింది. ఆ కావ్యకర్త సారంగు తమ్మయ్య పురుషుడన్నదే తేడా. సమానమైన రెండు రచనలను పక్కపక్కన పెట్టి, తీర్పు మాత్రం ఎందుకు వేరయిందని నిలదీయడం నేటి పరిశోధకుడూ అనుసరించదగిన పద్ధతి.

1911లో ప్రభుత్వం అశ్లీలమంటూ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలోగాని ఆ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్లవారే మళ్లీ ముద్రించారు. అయితే వావిళ్లవారి మరికొన్ని శృంగారప్రబంధాలకూ పోలీసుల బెడద తప్పలేదు. కనుక సర్కారు చర్యను కేవలం స్త్రీద్వేషంగా వివరించడం చరిత్రకు సరిపడదు. ద్వంద్వనీతి ఉన్నది చట్టంలో కన్నా పండితుల రసజ్ఞతలో. పదిహేడవ శతాబ్దంలో క్షేత్రయ్య నాయిక గొంతుతో రాసిన పదాలలో స్త్రీ కోరిక నిస్సంకోచంగా పలుకుతుంది. అక్కడ ‘నేను’ స్త్రీ, కలం పురుషునిది. కలం కూడా స్త్రీదైనప్పుడే సిగ్గు ప్రస్తావన వచ్చింది. ఇంతమాత్రాన ముద్దుపళనిని స్త్రీవాది అనలేం. రాధ బాధ సవతి వల్లనే గాని వ్యవస్థ వల్ల అని ఆమె ఎక్కడా అనలేదు. స్త్రీవాద ప్రశ్న కావ్యంలో కన్నా దానిని వెనకేసుకొచ్చిన పీఠికలోనే స్పష్టంగా ఉందని నా అభిప్రాయం.

1980లలో ఆ ప్రశ్న పీఠికను దాటి కవితలోకి వచ్చింది. ‘బందిపోట్లు’ బలం దాని సాక్ష్యాలలో ఉంది. పాఠం రాని ఆడపిల్లకు పెళ్లి చేస్తానన్న బెదిరింపు, కర్కశుడైన పైఅధికారిని ‘మొగుడు’ అని తిట్టుకోవడం వంటి నిత్యవ్యవహారపు మాటలనే సావిత్రి పోగుచేసింది. భాషే ముందుగా నేరం ఒప్పుకుందని చూపడం వల్ల ఆ చిన్న కవితకు వాదనతో పనిలేకపోయింది. జయప్రభ మగచూపును, కొండేపూడి నిర్మల ప్రసవవేదనను, విమల వంటింటిని కవితావస్తువులు చేశారు. త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో ‘గురిచూసి పాడేపాట’ (1990), ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ (1993) వచ్చేనాటికి అశ్లీలమన్న పాత నింద మళ్లీ వినిపించింది. శతాబ్దాలుగా ప్రబంధాలలో నాయిక అంగాంగవర్ణన చదివి మెచ్చిన సహృదయులకు పురిటినొప్పి ఎబ్బెట్టయింది.

అయితే ఇందులో ఎవరి శరీరం, ఎవరి ఇల్లు ఉన్నాయి? ఆర్మూరు వంటి పసుపు ప్రాంతంలో ఈ కవిత్వాన్ని బోధించేటప్పుడు ఈ ప్రశ్న తప్పించుకోలేనిది. ఇక్కడ పసుపు తొమ్మిది నెలల పంట. తవ్విన దుంపలను ఏరి, విరిచి, కొమ్మునూ మండనూ వేరుచేసే పనిలో ఆడకూలీలదే పెద్ద వాటా. అదే పసుపు ముత్తైదువతనానికి గుర్తు. భర్త పోయిన స్త్రీ కూలికి పసుపు విరవవచ్చు, పేరంటంలో పసుపు అందుకోవడానికి మాత్రం ఆచారం ఒప్పదు. భార్య పోయిన మగవాడు వదులుకోవలసిన గుర్తంటూ ఒక్కటీ లేదు.

జయప్రభ పైటను తగలెయ్యాలన్నప్పుడు ఆమె దృష్టిలో ఉన్నది స్త్రీ దేహంపై సిగ్గును కప్పే గుడ్డ. జూపాక సుభద్ర దళిత శ్రామికస్త్రీ వైపు నుంచి ‘కొంగు’ కవితతో దీనికి జవాబిచ్చింది. చేనులో చెమట తుడిచేదీ, నడుముకు బిగిసేదీ, మూటై బరువు మోసేదీ కొంగే. అది రొమ్ముకు కావలి కాదు, పనిముట్టు. నాగరత్నమ్మ 1910లో పురుషులను అడిగిన ప్రశ్నను సుభద్ర స్త్రీవాదులను అడిగింది: మీరు వదిలించుకోదలచిన సిగ్గు అసలు ఎవరిది? ‘నల్లపొద్దు’ (2003) సంకలనంలో గోగు శ్యామల దళితస్త్రీల రచనలను ఒకచోట చేర్చిన తర్వాత, 1980ల కవిత్వాన్ని ఈ ప్రశ్న పక్కన పెట్టుకోకుండా చదవడం కష్టం.