అంకెలకు రంగులద్దిన కథ

2024లో భూగోళపు సగటు ఉష్ణోగ్రత 1850-1900 మధ్యకాలం కన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క తేల్చింది. ఈ అంకెను నల్లబల్లమీద రాసి చూడండి. "పొద్దుటికీ మధ్యాహ్నానికీ మన ఊళ్లోనే పది డిగ్రీల తేడా ఉంటుంది కదండీ, ఇదొక లెక్కా?" అంటారు పిల్లలు. ప్రశ్న న్యాయమైనదే. ఒక ఊరి ఒకరోజు వేడి వేరు, భూమి అంతటి ఏడాది సగటు వేరు. ఆ తేడా కంటికి కనపడాలి.

1817లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హంబోల్ట్ ఒకే సగటు ఉష్ణోగ్రత గల ప్రదేశాలను కలుపుతూ గీతలు గీశాడు. మన భూగోళ పాఠాల్లోని సమోష్ణరేఖలు అవే. అయితే అవి చోటును బట్టి వచ్చే మార్పును చూపాయే తప్ప, కాలాన్ని బట్టి వచ్చే మార్పును కాదు.

ఆ పనికి పూనుకున్న గై కాలెండర్ వాతావరణ శాస్త్రజ్ఞుడు కాదు, బ్రిటన్‌లో ఆవిరి ఇంజనీరు. తీరిక వేళల్లో ప్రపంచంలోని 147 కేంద్రాల రికార్డులు కూర్చి, చేత్తో లెక్కలు కట్టి, 1938లో గ్రాఫు గీసి చూపాడు. యాభై ఏళ్లలో భూమి దాదాపు 0.3 డిగ్రీలు వేడెక్కిందనీ, ఇంధనాలు కాల్చడం వల్ల పెరిగిన కార్బన్ డయాక్సైడు ఇందుకు కారణమనీ అన్నాడు. పెద్దలు నమ్మలేదు. విచిత్రమేమిటంటే, ఈ వేడి మనిషికి మేలే చేస్తుందని ఆయన అనుకున్నాడు! గ్రాఫు సరైనదే, తీర్పు తప్పింది.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండమీద ఆ వాయువును వరసగా కొలవడం ప్రారంభించాడు. అప్పుడు పది లక్షల పాళ్లలో సుమారు 315. 2024లో సగటున 420 దాటింది.

2017లో రీడింగ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞురాలు ఎలీ హైవుడ్ ఏడాదికొక రంగు చొప్పున ఉన్నితో దుప్పటి అల్లారు. ఆమె సహోద్యోగి ఎడ్ హాకిన్స్ 2018లో అంకెలు, గీతలు అన్నీ తీసేసి రంగు చారలే మిగిల్చాడు. సగటు కన్నా చల్లనైతే నీలం, వేడైతే ఎరుపు.

రంగు పెన్సిళ్లుంటే ఇది మన బడుల్లోనూ చేయవచ్చు. కాని ఒక జాగ్రత్త: ఏ కాలపు సగటుతో పోలుస్తున్నామో ముందు చెప్పాలి. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం 2024 మన దేశంలో 1901 తరువాత అతి వేడి సంవత్సరం. 1991-2020 సగటు కన్నా 0.65 డిగ్రీలు ఎక్కువ. పాత కాలపు సగటుతో పోలిస్తే అదే చార మరింత ఎర్రబడుతుంది. సగం తరగతి ఒక సగటుతో, మిగతా సగం మరో సగటుతో రంగులు వేసి పక్కపక్కన పెట్టి చూడాలి.

భూగోళపు చారల్లో 1992 చుట్టుపక్కల వాటి కన్నా పాలిపోయి ఉంటుంది. ఎవరైనా విద్యార్థి దాన్ని పట్టుకుని అడిగితే, 1991లో ఫిలిప్పీన్స్‌లో పేలిన పినటుబో అగ్నిపర్వతం సంగతీ, అది పైకి చిమ్మిన గంధక వాయువుల వల్ల ఏర్పడిన పొర ఎండను అడ్డుకున్న సంగతీ చెప్పవచ్చు.