ఫ్రమ్ వన్ సెకండ్ టు ద నెక్స్ట్

"ఫ్రమ్ వన్ సెకండ్ టు ద నెక్స్ట్" 2013 ఆగస్టులో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విడుదలైన డాక్యుమెంటరీ చిత్రం. ఈ పేరుకు "ఒక క్షణం నుండి మరుక్షణానికి" అని అర్థం. వాహనం నడుపుతూ సెల్‌ఫోనులో సందేశాలు పంపడం వలన జరిగిన నాలుగు ప్రమాదాలు ఇందులోని ఇతివృత్తం. జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ దీనిని రూపొందించగా, పీటర్ జైట్లింగర్ ఛాయాగ్రహణం నిర్వహించాడు. నిడివి సుమారు 35 నిమిషాలు. రోడ్డు భద్రతా ప్రచారం కొరకు తీసినదే అయినా, మృతులకు, క్షతగాత్రులకు ఇది స్మారక చిత్రంగా కూడా నిలిచింది.

నేపథ్యం

అమెరికాలోని ఏటీ అండ్ టీ టెలిఫోను సంస్థ 2010లో "ఇట్ కెన్ వెయిట్" (కొంతసేపు ఆగవచ్చు) అనే ప్రచారోద్యమాన్ని ఆరంభించింది. అందులో భాగంగా కొన్ని లఘు ప్రకటనలు తీసిపెట్టమని హెర్జోగ్‌ను కోరారు. ఆ కుటుంబాల వేదనను కొద్ది సెకన్లలో ఇమడ్చడం సాధ్యం కాదని భావించిన దర్శకుడు, ప్రకటనలతో పాటు ఈ పెద్ద చిత్రాన్ని కూడా తయారు చేశాడు.

నాలుగు సంఘటనలు

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో అక్క చేయి పట్టుకొని రోడ్డు దాటుతున్న ఒక బాలుడిని కారు ఢీకొన్నది. అతడు ప్రాణాలతో బయటపడినా శరీరం చచ్చుబడి, శ్వాసకు కూడా యంత్రంపై ఆధారపడవలసి వచ్చింది. వెర్మాంట్ రాష్ట్రంలో కుక్కను వెంటబెట్టుకొని నడకకు బయలుదేరిన ఒక మహిళ తీవ్రంగా గాయపడింది. ఇండియానా రాష్ట్రంలో అమిష్ మతస్థుల గుర్రపు బండిని ఒక వ్యాను ఢీకొనగా ముగ్గురు మరణించారు. యూటా రాష్ట్రంలో 2006లో ఉద్యోగానికి వెళ్తున్న ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రాణాలు కోల్పోయారు. ఈ చివరి కేసు ప్రభావంతో 2009లో ఆ రాష్ట్రం కఠినమైన చట్టం చేసింది.

ఛాయాగ్రాహకుడు

జైట్లింగర్ 1960లో ప్రాగ్ నగరంలో జన్మించి, తరువాత ఆస్ట్రియాలో స్థిరపడ్డాడు. 1990వ దశకం నుండి హెర్జోగ్‌తో కలిసి పనిచేస్తున్నాడు. "గ్రిజ్లీ మ్యాన్" (2005), "ఎన్‌కౌంటర్స్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ద వరల్డ్" (2007), "కేవ్ ఆఫ్ ఫర్గాటెన్ డ్రీమ్స్" (2010) అతని ప్రసిద్ధ చిత్రాలు. వీటిలో మూడవదానిని ఫ్రాన్స్‌లోని షోవే గుహలో, ఇరుకైన లోహపు నడకబాట మీద నుండే చిత్రీకరించారు.

చిత్రీకరణ విశేషాలు

రోడ్డు భద్రతా చిత్రాలలో సాధారణంగా ప్రమాద దృశ్యాన్ని నటులతో తిరిగి సృష్టించి చూపుతారు. ఈ చిత్రంలో ఆ పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టారు. జరిగిపోయిన దానిని చూపే అవకాశం లేని చోట, కోల్పోయిన దానిని ప్రేక్షకునికి స్ఫురింపజేయడమే ఛాయాగ్రాహకుని బాధ్యత అయింది.

చిత్రం ప్రారంభంలో ఆ బాలుని అక్క చేయి చాచి నిలబడి ఉంటుంది. తమ్ముని చేయి ఉండవలసిన చోట శూన్యం ఉంటుంది. ప్రమాద క్షణంలో తన చేయి ఒక్కసారిగా ఖాళీ అయిపోయిందని ఆమె చెబుతుంది. ఆ ఖాళీ చేతిని చూసిన తరువాత ప్రమాదాన్ని వేరుగా చూపవలసిన అవసరం కలగదు.

మాట్లాడేవారి ముఖాలను కెమెరా కదలకుండా, తొందర లేకుండా చూపుతుంది. మాట ఆగిన తరువాతి మౌనాన్ని కూడా చిత్రంలో ఉంచారు. ప్రమాదానికి కారకులైన ఇద్దరు డ్రైవర్లు కూడా ముఖం దాచుకోకుండా మాట్లాడతారు. బాధిత కుటుంబాలను చూపిన తీరులోనే వారిని కూడా చూపారు. అందువలన ప్రేక్షకుడు వారిని దుర్మార్గులుగా భావించి పక్కకు నెట్టలేడు. తాను కూడా అదే తప్పు చేయగలవాడినని గ్రహిస్తాడు.

అమిష్ మతస్థులు సాధారణంగా ఫొటోలకు నిలబడరు. అందువలన వారి వేదన ఒక ఉత్తరం ద్వారా తెలుస్తుంది. తన వారిని పోగొట్టుకొన్న కుటుంబ పెద్ద క్షమాభావంతో వ్రాసిన ఆ ఉత్తరాన్ని అందుకొన్నవాడు ఆ వ్యాను నడిపిన వ్యక్తే.

క్షణకాలపు దూరం

చిత్రం పేరులోని అంతరార్థాన్ని చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు 25 మీటర్లు ముందుకు సాగుతుంది. ఒక చిన్న సందేశం చదవడానికి 5 సెకన్లు పట్టినా, ఆ లోపల వాహనం 125 మీటర్ల దూరం రోడ్డును చూడకుండానే ప్రయాణిస్తుంది.

ప్రదర్శన

ఈ చిత్రాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా విడుదల చేశారు. అమెరికాలోని 40,000కు పైగా ఉన్నత పాఠశాలలకు అందించే ఏర్పాటు కూడా జరిగింది. కొత్తగా వాహనం నడపడం నేర్చుకొనే వయసు విద్యార్థులే దీనికి ప్రధాన ప్రేక్షకులు.

ఇవి కూడా చూడండి

వెర్నర్ హెర్జోగ్
రోడ్డు భద్రత
డాక్యుమెంటరీ చిత్రం