నల్లజీలకర్ర: ఒకే పేరు, వేర్వేరు గింజలు

మనము నివసించే టాంపినీస్‌కు ఆ పేరు తెంపినిస్ అనే వృక్షం నుండి వచ్చింది. గట్టి కలపకు ప్రసిద్ధి పొందిన ఆ చెట్లు ఒకనాడు ఈ ప్రాంతమున పెరిగేవి. నేడు భవనాల నడుమ ఆ చెట్టును గుర్తించగలవారు అరుదు. చెట్టు మరుగైనా పేరు మిగిలింది. మన వంటింటి దినుసులలో ఒకదాని విషయం ఇందుకు విపర్యయం. గింజ నిలిచియున్నది, పేరు చెదిరిపోవుచున్నది. అదే నల్లజీలకర్ర.

పేరులో జీలకర్ర ఉన్నా ఇది జీలకర్ర జాతి కాదు. జీలకర్ర, కొత్తిమీర, వాము గొడుగు వంటి పూగుత్తులు గల ఒకే కుటుంబానికి చెందినవి. నల్లజీలకర్ర మొక్క రాననక్యులేసీ అనే వేరొక కుటుంబానిది. 1753లో లినేయస్ దీనికి నైజెల్లా సటైవా అని శాస్త్రీయనామం పెట్టినాడు. నలుపు అను అర్థం గల లాటిన్ పదమే నైజెల్లాకు మూలం. మొక్క మోకాలి ఎత్తుకు మించదు. ఆకులు దారపు పోగులవలె సన్నగా చీలియుండును. లేత నీలము లేదా తెలుపు రంగు పువ్వులో మనకు రేకులుగా కనిపించేవి నిజానికి రక్షక పత్రాలు. అసలు ఆకర్షక పత్రాలు చిన్న మకరందపు గిన్నెలుగా మారియుండును. పువ్వు వాడిన పిదప కాయ ఉబ్బి, పండి, ఎండి పగిలి, కోణాలు గల నల్లని గింజలను రాల్చును.

ఈ గింజ చరిత్ర దీర్ఘమైనది. 1922లో ఈజిప్టులో బయల్పడిన టుటంఖామున్ సమాధిలోని వస్తువులలో ఈ గింజలు లభించినవి. టర్కీలోని బోయలి హోయుక్ త్రవ్వకాలలో, క్రీస్తుపూర్వం రెండవ సహస్రాబ్దికి చెందిన హిట్టయిటుల పాత్రలోను ఇవి కనిపించినవి. బైబిలులోని యెషయా గ్రంథం 28వ అధ్యాయం దీనిని బండిచక్రముతో నూర్చక కర్రతో కొట్టి రాల్చవలెనని సేద్యపు మర్మం చెప్పుచున్నది. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కొరిడీస్ దీని గుణములను వివరించినాడు. ఇస్లామీయ సంప్రదాయమున దీనికి విశేష గౌరవం ఉన్నది. సింగపూరులోని మలయ్ సోదరుల దుకాణాలలో హబ్బతుస్సౌదా అను పేరుతో దీని నూనె విక్రయించుట అందువలననే.

మన సంస్కృత నిఘంటువులకును ఇది పరిచితమే. ఉపకుంచిక, కారవి, సుషవి, పృథ్వి అను పర్యాయపదాలను అమరకోశం పేర్కొన్నది. పదహారవ శతాబ్దమున భావమిశ్రుడు రచించిన భావప్రకాశం జీరకమును మూడు విధములుగా విభజించింది: తెల్లనిది, నల్లనిది, ఉపకుంచిక. అనగా నల్లని జీరకము వేరు, ఉపకుంచిక వేరు అని ఆనాటి వైద్యులు స్పష్టముగా ఎరిగియుండిరి. తెలుగు వాడుకలో ఈ రెండింటికీ నల్లజీలకర్ర అనుటతో ఆ భేదం మసకబారినది.

దీని ఫలితం మనవంటి ప్రవాసులకు నిత్యానుభవమే. ఊరినుండి పెద్దలు నల్లజీలకర్ర అని చెప్పినప్పుడు కొందరు బిర్యానీలో వేసే షాజీరాను తెచ్చుకొందురు. హిందీలో కాలీజీరీ అనునది మన అడవిజీలకర్ర. అది మిక్కిలి చేదైన వేరొక మందు గింజ. కలోంజిని ఉల్లి విత్తనాలని పిలుచు పొరపాటు వాడుక కూడ ఉన్నది. ఇక్కడి బడులలో మన పిల్లలు తమిళమో హిందీయో చదువుదురు గనుక కరుంజీరగం, కలోంజి అను మాటలే వారికి ముందుగా తెలియును.

గుర్తించుట కష్టం కాదు. జీలకర్ర, షాజీరా సన్నగా, పొడవుగా, గీతలతో ఉండును. నల్లజీలకర్ర గింజ పొట్టిగా, మెరుపులేని నలుపుతో, మూడు నాలుగు కోణాలతో ఉండును. వేళ్ళ మధ్య నలిపిన వామును తలపించు ఘాటు వాసన వచ్చును. విరిచిన లోపల తెల్లగా కనిపించును.

బెంగాలీల పాంచ్‌ఫోరన్‌లో, ఉత్తరాది మామిడి ఊరగాయలలో, నాన్ రొట్టెలపై దీనికి స్థిరమైన చోటున్నది. మన ఆవకాయలో ఆవపిండికి, మెంతులకు ఉన్న స్థానం దీనికి లేదు. మన పెద్దలు దీనిని ఎక్కువగా ఔషధముగా, ముఖ్యముగా అజీర్తికి, బాలింతల పథ్యమునకు వాడినారు. దీని నూనెలోని థైమోక్వినోన్ అను పదార్థముపై నేడు పరిశోధనలు సాగుచున్నవి. అయినను పోపులో చిటికెడు వేయుట వేరు, మందుగా మోతాదు పెంచుట వేరు. గర్భవతులు, నిత్యము మందులు వాడువారు వైద్యుని అడుగక ఆ పని చేయరాదు. గింజయే మారిపోయినచో పెద్దల అనుభవం కూడ మనకు తోడురాదు.

చలికాలపు పంట గనుక, శీతలమే ఎరుగని ఈ ద్వీపమున నల్లజీలకర్ర పూత చూచుట మనకు దుర్లభం. మనకు అందునది ఎండిన గింజ, దానితోపాటు ఒక మాట. కావున మన ఇళ్ళలోని సీసాలపై పేర్లు తెలుగులో వ్రాసి, నల్లజీలకర్ర పక్కన కలోంజి అని, షాజీరా పక్కన షాజీరా అనియే చేర్చుదము. పెద్దలు ఫోనులో చెప్పిన మందును పిల్లలు తప్పులేక తీసి ఇవ్వగలిగిన నాడు ఆ మాటయు, దానిలోని వైద్యానుభవమును మరియొక తరమునకు చేరును.